24న పెళ్లి, 23న రసీదు

(ఇంజనీరింగ్ విద్యార్థులతో ఒక వెబ్ డెవలపర్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినపడుతోందా? సరే.

బయట పోస్టర్ మీద నా టాపిక్ ‘మోడర్న్ వెబ్ డెవలప్‌మెంట్’ అని వేశారు. మేడమ్ ఫోన్ చేసినప్పుడు కూడా, పిల్లలకు ప్లేస్‌మెంట్స్ దగ్గరపడ్డాయి, ఇప్పుడు ఏం నడుస్తోందో నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఇప్పుడు నడుస్తున్నదాని గురించి నేను స్లైడ్లు చేసేలోపే ఇంకోటి నడుస్తుంటుంది. అందుకని స్లైడ్లు చేయలేదు. ఒక ఫారం గురించి చెప్తాను. మూడే గడులు. పేరు, ఫోన్ నంబరు, తేదీ. నేను డబ్బులు తీసుకుని రాసిన మొదటి ఫారం అది. ఈ పదేళ్లలో నేర్చుకున్నదాంట్లో సగం ఆ మూడు గడుల్లోంచే వచ్చింది. మిగతా సగం మీకు యూట్యూబ్‌లో దొరుకుతుంది.

2014లో నేను అమీర్‌పేటలో ఉన్నాను. మీలో అక్కడికి వెళ్లబోయేవాళ్లు కూడా ఉంటారు, కాబట్టి వెక్కిరించను. మైత్రీవనం చుట్టుపక్కల గోడ కనపడకుండా కోర్సుల బోర్డులు, జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేసిన మెటీరియల్, హాస్టల్ గదిలో నలుగురం. నాకు మంచి సారే దొరికాడు. ఆయన ప్రొజెక్టర్ మీద టైపు చేసేవాడు, మేం చూసి టైపు చేసేవాళ్లం. ఆయనది పనిచేసేది, మాదీ పనిచేసేది. ఆరు నెలల్లో నాకు సొంతంగా ఒక తప్పు చేసే అవకాశమే రాలేదు. తొంభై మార్కులతో సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

మాది తెనాలి దగ్గర ఊరు. మా మావయ్యకు తెలిసిన ఒకాయనకు ఫంక్షన్ హాలుంది. ‘మావాడు కంప్యూటర్ చేశాడు’ అని మావయ్య మాటిచ్చేశాడు. పదిహేను వేలకు వెబ్‌సైట్. ఓనరు పెద్దాయన, తెల్ల లుంగీ, చేతిలో ఎప్పుడూ ఒక పొడవాటి బుకింగ్ పుస్తకం. ఆయన కోరికలు రెండే. సైటు తెరవగానే సన్నాయి వినపడాలి. హాలు ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుండాలి.

సన్నాయి పెట్టాను. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన పన్నెండు ఫొటోలు, ఒక్కోటి 5 ఎంబీ, ఉన్నవి ఉన్నట్టే ఎక్కించాను. నా హాస్టల్ వైఫైలో బ్రహ్మాండంగా తిరిగాయి. పెద్దాయన హాలు దగ్గర నిలబడి తన ఫోన్లో తెరిచాడు. జియో రావడానికి ఇంకా రెండేళ్లుంది. తెల్ల పేజీ. ‘ఏంటబ్బాయ్, ఇది తెరుచుకునేలోపు తాంబూలాలు మార్చుకుని భోజనాలకి కూర్చోవచ్చు’ అన్నాడు. మీరు ఇంటర్వ్యూల కోసం బట్టీపట్టే కోర్ వెబ్ వైటల్స్, అంటే పేజీ ఎంత బాగా తెరుచుకుంటుందో చూసే గూగుల్ కొలతలు, ఉన్నాయి కదా, వాటిలో ఒకటి, పేజీలో పెద్ద బొమ్మ రెండున్నర సెకన్లలోపు కనపడాలి అనే లెక్క, దాన్ని నేను మొదట తెనాలి యాసలో విన్నాను. ఫొటోలు చిన్నవి చేశాను. సన్నాయి తీసేశాను. ఆయన కొన్నాళ్లు అలిగాడు.

ఇప్పుడు అసలు విషయం, తేదీ గడి.

ఇంటర్నెట్‌లో ఒక క్యాలెండర్ లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, దొరికితే పెట్టాను. తేదీ నొక్కితే అది నాకు ఒక డేట్ ఆబ్జెక్ట్, అంటే కోడ్‌లో తేదీని పట్టుకునే డబ్బా, ఇస్తుంది. దాన్ని సర్వర్‌కు పంపాలి. దాన్ని అక్షరాలుగా మార్చే ‘టు ఐఎస్ఓ స్ట్రింగ్’ అనే ఫంక్షన్ వాడి, వచ్చినదాంట్లో మొదటి పది అక్షరాలు కత్తిరించి పంపాను. సంవత్సరం, నెల, రోజు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సైటులోంచి బుక్ చేసినవాళ్లకు రసీదు అక్కడే తయారవుతుంది. ఫోన్ చేసి అడిగినవాళ్లవి పెద్దాయన కొడుకు వేరే పేజీలో తేదీ చేత్తో టైపు చేసి ఎక్కిస్తాడు. రెండు నెలలు ఎవరూ కిక్కురుమనలేదు. ఆషాఢం కాదు గానీ పెళ్లిళ్లు లేని పుష్యం, ఎవరికి అవసరం?

మాఘం దగ్గరపడింది. ఒక పొద్దున ఒకాయన రసీదు ప్రింటు పట్టుకుని హాలుకొచ్చాడు. పెళ్లికూతురి నాన్న. నేనూ అక్కడే ఉన్నాను, బాకీ ఐదు వేలు అడగడానికి వెళ్లి. ఆయన రసీదు బల్ల మీద పెట్టి, ‘ఏవండీ, మేం బుక్ చేసింది 24. శ్రీపంచమి. దీంట్లో 23 పడింది. చవితి నాడు ఎవరైనా పెళ్లి చేస్తారా?’ అన్నాడు. పెద్దాయన పుస్తకం తీశాడు. ఆ 24ను అంతకు ముందురోజే ఫోన్లో ఇంకో కుటుంబానికి మాటిచ్చేశాడు. ఎందుకంటే కంప్యూటర్‌లో 24 ఖాళీగా ఉంది. నావైపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే. బాకీ సంగతి ఎత్తలేదు.

రాత్రంతా బుకింగులు దాచే డేటాబేస్ చూశాను. సైటులోంచి వచ్చిన ప్రతి బుకింగూ ఒకరోజు వెనక్కి పడి ఉంది. ఫోన్ బుకింగులు మాత్రం సరిగ్గా ఉన్నాయి. ఏ సర్టిఫికెట్టూ పనికిరాలేదు. చివరికి చేసిన పని ఒక్కటే, ఆ పది అక్షరాల కత్తిరింపు తీసేసి మొత్తం ప్రింటు చేసి చూశాను. 24 అని నొక్కితే ‘23వ తేదీ, 18 గంటల 30 నిమిషాలు’ అని వచ్చింది, చివర్లో ఒక జెడ్ అక్షరంతో. పద్దెనిమిదిన్నర. దానికి ఐదున్నర కలపండి. ఇరవై నాలుగు. అంటే అర్ధరాత్రి. మనకు 24వ తేదీ మొదలైన క్షణానికి గ్రీన్‌విచ్ లెక్కలో, అంటే ప్రపంచమంతా కొలతగా పెట్టుకున్న సమయంలో, ఇంకా 23 సాయంత్రం ఆరున్నర. క్యాలెండర్ నాకు మన అర్ధరాత్రిని ఇచ్చింది. నేను వాడిన ఫంక్షన్ దాన్ని ప్రపంచ సమయంలోకి మార్చింది. నేను గంటలూ నిమిషాలూ కత్తిరించి పారేశాను. సాక్ష్యాన్ని నేనే మాయం చేసి, దొంగ కోసం రాత్రంతా వెతికాను.

పెళ్లిళ్ల సంగతి ఏమైందని చూస్తున్నారు కదా. రెండూ జరిగాయి. ఒకరిది పగటి ముహూర్తం, ఇంకొకరిది రాత్రి ముహూర్తం. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా హాలు ఖాళీ చేసి, కడిగి, మండపం పూలు మార్చాలి. విస్తళ్లు ఎత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరూ అడగలేదు, నేనే వెళ్లాను.

తప్పు సంగతి అక్కడితో అయిపోలేదు. పెళ్లిళ్లకు ముందే, సరిచేశాను అనుకున్నాక, రాత్రి పెళ్లి తాలూకు పెళ్లికొడుకు అన్న డాలస్ నుంచి ఫోన్. సైటులో పెళ్లి పేజీ చూస్తే తనకు 23 అని కనపడుతోందట, టికెట్ ఏ రోజుకు తీసుకోవాలి అని. ఈసారి డేటాబేస్‌లో 24 సరిగ్గానే ఉంది. కానీ ఉత్త తేదీని జావాస్క్రిప్ట్‌కు, అంటే బ్రౌజర్‌లో నడిచే భాషకు, అప్పగిస్తే అది గ్రీన్‌విచ్ అర్ధరాత్రి అనుకుంటుంది. డాలస్ గ్రీన్‌విచ్ కంటే ఆరు గంటలు వెనక. వాళ్ల గడియారంలో అది 23 సాయంత్రం ఆరు. మొదటిసారి తేదీ పంపేటప్పుడు జారింది, ఈసారి చూపించేటప్పుడు జారింది. మనవాళ్లు సగంమంది అమెరికాలో ఉంటారు కాబట్టి ఈ రెండో తప్పు తెలుగు పెళ్లికి చాలా ముఖ్యమైనది. నవ్వకండి, నేను నిజంగానే అంటున్నాను.

మందు చాలా చిన్నది. పెళ్లి తేదీ ఒక క్షణం కాదు, పంచాంగంలో ఒక రోజు. దాన్ని రోజుగానే, ఉత్త అక్షరాలుగానే ఉంచాలి. డేట్ ఆబ్జెక్ట్ దగ్గరకు పోనివ్వకూడదు. బ్రౌజర్‌లో సొంతంగా ఉన్న తేదీ గడి వాడితే, దాని విలువ అక్షరాలుగానే వస్తుంది, లైబ్రరీతో పనిలేదు.

అసలు జావాస్క్రిప్ట్‌లో తేదీలు ఇంత తికమకగా ఎందుకున్నాయంటే, ఆ భాషను 1995 మేలో బ్రెండన్ ఐక్ అప్పటి బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌లో పది రోజుల్లో తయారుచేశాడు. చూడ్డానికి జావా అనే ఇంకో భాషలా ఉండాలని పైనుంచి ఒత్తిడి. తేదీల సరంజామా అప్పటి జావా నుంచే దించేశారు. జనవరి సున్నా, డిసెంబరు పదకొండు అనే లెక్క అలా వచ్చిందే. జావావాళ్లు తర్వాత తమ తేదీలు మార్చుకున్నారు. వెబ్‌లో పాతది తీసేస్తే కోట్ల పేజీలు ఆగిపోతాయి కాబట్టి మనకది అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ‘టెంపోరల్’ అని కొత్తది కొన్ని బ్రౌజర్లలోకి వచ్చింది. అందులో గంటలతో సంబంధం లేని ఉత్త తేదీకి ‘ప్లెయిన్ డేట్’ అని వేరే రకమే ఉంది. దాని గురించి చదివిన రోజు నాకు విస్తళ్లే గుర్తొచ్చాయి.

పేరు గడి సంగతి. ఆ ఒక్క గడినే నేను రెండు ముక్కలు చేసి పెట్టాను, ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్. కోర్సులో అలాగే చేశాం. మన ఇంటిపేరు ముందుంటుంది కదా, మరి అది ఫస్టా లాస్టా? ఒకాయన ఒకటి రాస్తే ఇంకొకాయన ఇంకోటి. రసీదుల్లో సగం పేర్లు తలకిందులు. పైగా ఇంగ్లిష్ అక్షరాలు తప్ప ఇంకేదీ పడకుండా కాపలా పెట్టాను. కె.వి. అని చుక్క పెడితే ‘ఇన్‌వ్యాలిడ్ నేమ్’ అని ఎర్రగా వచ్చేది. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారు ఫోన్ చేసి, ‘అరవై ఏళ్లుగా ఇదే పేరు నాయనా, ఈ మధ్య ఏమైనా చెల్లకుండా పోయిందా’ అని అడిగారు. ఇప్పుడు నేను ఒకటే గడి పెడతాను. పైన ‘పేరు’ అని రాస్తాను. ఏం రాస్తే అది తీసుకుంటాను.

తెలుగులో రాస్తే ఇంకో ముచ్చట. లక్ష్మి. ఎన్ని అక్షరాలు? రెండు కదా. జావాస్క్రిప్ట్‌ను పొడవెంతని అడగండి, ఏడు అంటుంది. ల, క, ఒక పొల్లు, ష, ఇంకో పొల్లు, మ, గుడి. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే నంబర్ల పట్టికలో, మన అక్షరం ఒక్క ముక్క కాదు, పొల్లు పెట్టి అతికించిన ముక్కల దండ. సర్వర్‌లో దాచేటప్పుడు ఒక్కో ముక్కకూ మూడు బైట్లు, లక్ష్మికి ఇరవై ఒకటి. పేరుకు ఇరవై అక్షరాలు చాలులే అని ఎక్కడో హద్దు పెట్టారనుకోండి, ఇంగ్లిష్‌వాడి పేరు హాయిగా పడుతుంది, మనది మధ్యలో విరుగుతుంది. ఫొటో లేనివాళ్లకు గుండ్రంగా మొదటి అక్షరం వేస్తారు చూడండి, అక్కడ శ్రీను పేరుకు ‘శ’ అని వస్తుంది. శ్రీ రావాలి కదా. అక్షరాలు విడదీసే సెగ్మెంటర్ బ్రౌజర్లలో ఇప్పుడుంది, కానీ పాతవాటిలో అది కూడా ఒత్తు దగ్గర విరిచేస్తుంది. మీ ఫోన్లో ఒకసారి చేసి చూడండి. ఇది ఇంగ్లిష్ పుస్తకాల్లో మీకు ఎవరూ చెప్పరు, ఎందుకంటే వాళ్లకు ఈ బాధ లేదు.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకుంది, గుర్తుందా? మీరు అప్పటికి స్కూల్లో ఉండి ఉంటారు. ‘జ్ఞా’ అనే అక్షరం, లోపల కనపడని ఒక విడదీసే గుర్తుతో కలిసి మెసేజ్‌లో వస్తే ఐఫోన్లో ఆ యాప్ కుప్పకూలిపోయేది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ 11.2.5 వెర్షన్‌లో ఈ గోల, 11.2.6లో సరిచేశారు. లక్ష రూపాయల ఫోను జ్ఞానానికి తట్టుకోలేకపోయిందని వాట్సాప్‌లో జోకులు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, అక్షరాలను పేర్చే ఆ కోడ్ రాసినవాళ్లకు మన ఒత్తుల పోకడ తెలిస్తే, లేదా మనవాళ్లు ఇంకో నలుగురు ముందే పరీక్షించి ఉంటే, ఆ తప్పు ముందే దొరికేదేమో అనిపించింది.

పేజీ రూపురేఖలు చెప్పే సీఎస్ఎస్‌లో ఒక్కటి చెప్పి ముందుకెళ్తాను. డిజైన్ ఇంగ్లిష్‌లో చేసి, చివర్లో తెలుగు పోస్తారు. లైన్‌కూ లైన్‌కూ మధ్య ఎత్తు 1.2 పెడతారు. పైన గుడిదీర్ఘం తెగుతుంది, కింద ఒత్తు తెగుతుంది, బటన్ మీద ‘స్త్రీ’ సగమే కనపడుతుంది. నేను తెలుగుకు 1.6తో మొదలుపెట్టి, ఫాంటును బట్టి పెంచుతాను. రామభద్ర, మండలి, గిడుగు లాంటి ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి, ఒక్కోదాని ఎత్తు ఒక్కో రకం. పెట్టి చూసుకోవాల్సిందే.

ఫోన్ నంబరు గడి గురించి పెద్దగా లేదు. నంబరు అన్నారు కదా అని నంబరుగా దాచకండి, ముందున్న సున్నా ఎగిరిపోతుంది. దానికి ‘టెల్’ అనే రకం ఉంది, అది పెడితే ఫోన్లో అంకెల కీబోర్డు వస్తుంది. అయిపోయింది.

ఇక మీరు టీ టైములో నన్ను అడిగింది. పేజీలు కట్టడానికి వాడే సరంజామాల్లో రియాక్ట్ నేర్చుకోవాలా, యాంగ్యులరా, ఇంకేదైనానా? నేను రోజూ రియాక్ట్‌లోనే పనిచేస్తాను, జీతం దానికే వస్తుంది. 2013లో బయటికొచ్చింది, ఇంకా బలంగానే ఉంది. ఒకే స్క్రీన్ మీద ఒకటి మారితే పది మారాల్సిన చోట, సీట్ల బుకింగ్ లాంటిచోట, అది చేసే మేలు చేత్తో చేయడం కష్టం. కానీ ఫంక్షన్ హాలుకు అక్కర్లేదు. నాలుగు ఫొటోలు, ఒక ఫారం. పేజీ రాసే మూల భాష హెచ్‌టీఎంఎల్ చాలు. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ 1991లో పెట్టిన మొదటి వెబ్ పేజీని ఆయన అప్పుడు పనిచేసిన సెర్న్ పరిశోధనశాలవాళ్లు మళ్లీ పాత చిరునామాలోనే పెట్టారు, మీ ఫోన్లో ఇవాళ కూడా తెరుచుకుంటుంది. నేను 2017లో రాసిన ఒక ప్రాజెక్టు మాత్రం మొన్న ఇన్‌స్టాల్ చేయబోతే రెండు గంటలు ఎర్ర అక్షరాలే.

కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టగానే వందల ప్యాకేజీలు, అంటే ఎవరెవరో రాసిన కోడ్ ముక్కలు, దిగుతాయి, చూశారుగా. 2016 మార్చిలో వాటిలో ఒకటి మాయమైంది. లెఫ్ట్ ప్యాడ్. పదకొండు లైన్లు. ఒక మాటకు ఎడమవైపు ఖాళీలు చేర్చి పొడవు సరిచేస్తుంది, అంతే దాని ఉద్యోగం. ఇంకో ప్యాకేజీ పేరు విషయంలో గొడవొచ్చి, రాసినాయన తన కోడ్ మొత్తం ఎన్‌పీఎం అనే ప్యాకేజీల గోదాం నుంచి తీసేశాడు. లెఫ్ట్ ప్యాడ్ మీద ఆధారపడ్డ బేబెల్ లాంటి పెద్ద పనిముట్లు ఆగిపోయాయి, వాటి మీద ఆధారపడ్డ ప్రాజెక్టులూ ఆగిపోయాయి. కొన్ని గంటల్లోనే తిరిగి పెట్టారు లెండి. వాడొద్దని కాదు నేను చెప్పేది. ఎవరి పొయ్యి మీద మన అన్నం ఉడుకుతోందో తెలుసుకుని వాడండి. నా క్యాలెండర్ లైబ్రరీ లోపల ఏముందో నేను ఒక్కసారి తెరిచి చూడలేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి, సిగ్గెందుకు, నేనూ అంతే. ఎర్రర్ వస్తే నేను చదివేవాణ్ని కాదు. ఎర్రగా ఇంగ్లిష్ కనపడితే టెన్షన్, వెంటనే పక్కవాడిని పిలిచేవాణ్ని. ఆ తేదీ గొడవ తర్వాత ఒక రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. ఎడమవైపు ఎర్రర్ ఉన్నదున్నట్టు, కుడివైపు నా తెలుగులో. ‘నాట్ ఎ ఫంక్షన్’ అంటే, ‘వీడికి ఆ పని రాదు, వీడిని ఆ పనికి పిలిచావు’. ‘కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్’ అంటే, ‘ఇల్లే లేదు, గుమ్మం రంగు అడుగుతున్నావు’. ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్ ఆఫ్ ఇన్‌పుట్’, ‘బ్రాకెట్ తెరిచి మూయకుండా వెళ్లిపోయావు’. నలభై రకాలు దాటలేదు ఎప్పుడూ. నా ఏడుపంతా ఆ నలభైతోనే.

ఏఐ గురించి చెప్పకపోతే మేడమ్ ఊరుకోరు. పోయిన నెల కుతూహలం కొద్దీ ఒక ఏఐ టూల్‌ని అడిగాను, హాలు బుకింగ్ ఫారం రాసిపెట్టు అని. అరనిమిషంలో ఇచ్చింది. నా 2014 సైటు కంటే అందంగా ఉంది. తేదీ పంపే లైను చూశాను. అదే ఫంక్షన్, అదే కత్తిరింపు. ఇండియాలో ఒకరోజు వెనక్కి పడుతుంది కదా అన్నాను. అవును నిజమే, క్షమించండి అని టక్కున సరిచేసింది. మంచిదే, నేనూ రోజూ వాడతాను. అయితే ఆ ప్రశ్న నాకెలా వచ్చింది? ముందు ఒకాయన రసీదు పట్టుకుని చవితేంటని అడిగాడు కాబట్టి.

ఎవరో చెయ్యెత్తారు. గట్టిగా అడుగమ్మా.

(ఒక విద్యార్థిని: సర్, ఆ వెబ్‌సైట్ ఇప్పటికీ ఉందా?)

లేదమ్మా. రెన్యువల్ డబ్బులు కట్టలేదు, పోయింది. హాలు మాత్రం ఉంది, ఏసీ పెట్టారు. బుకింగులు ఇప్పుడు వాట్సాప్‌లో వస్తాయి, పుస్తకంలో రాసుకుంటారు. పోయిన సంవత్సరం మా చుట్టాల పెళ్లికి అక్కడికే వెళ్లాను. పెద్దాయన లేరు, కొడుకు చూసుకుంటున్నాడు. పుస్తకం బల్ల మీద ఉంటే తిరగేశాను. ప్రతి తేదీ పక్కనా ఎర్ర పెన్నుతో తిథి రాసి ఉంది. తదియ, పంచమి, దశమి. నాన్న అలవాటు అన్నాడు. మేం సైటు చేసినప్పుడు కూడా ఆ పుస్తకం అదే బల్ల మీద ఉంది. నా డేటాబేస్ టేబుల్‌లో ఆ కాలమ్ లేదు.

సరే, మధ్యాహ్నం ల్యాబ్‌లో ఆ ఫారమే రాద్దాం. మూడు గడులు. లైబ్రరీలు లేకుండా. ఫోన్లు తెచ్చుకోండి, ఇంట్లో పాత ఫోను ఉంటే అది తెస్తే ఇంకా మంచిది. ఛార్జర్లు మర్చిపోకండి.